ఇళ్ల అమ్మకాలు: ఆన్‌లైన్ ప్రకటనకు పెట్టే సొమ్ము గిట్టుబాటవుతుందా?

మిర్చి, పసుపు, బెల్లం అమ్ముకునే వారికి యార్డు వుంది. సరుకు తెచ్చి పెడితే కొనేవారే వచ్చి చూసి ధర చెబుతారు. ఇల్లు అమ్మేవారికి అటువంటి యార్డు ఏనాడూ లేదు. గేటుకు కట్టిన 'ఇల్లు అమ్మబడును' బోర్డు, వీధి చివర దళారీ, ఆదివారం పత్రికలో రెండు వరుసల ప్రకటన - చాలా కాలం ఇవే సాధనాలుగా వుండేవి. ఆ లోటు తీరుస్తామంటూ పోర్టళ్లు వచ్చాయి. 99 ఏకర్స్ 2005లోను, మ్యాజిక్‌బ్రిక్స్ 2006లోను, హౌసింగ్ డాట్ కామ్ 2012లోను ప్రారంభమయ్యాయి. దళారీ లేకుండానే యజమానిని, కొనేవారిని కలుపుతామంటూ నోబ్రోకర్ 2014లో బయలుదేరింది.

యజమాని తన ఇంటి వివరాలను ఉచితంగా నమోదు చేసుకునే వీలు వీటిలో సాధారణంగా వుంటుంది. అయితే నమోదైన తర్వాత ఫోను మోగడం మొదలవుతుంది. కొన్ని వేలు కడితే ప్రకటన పై వరుసకు వస్తుందని, ఎక్కువ మంది చూస్తారని, బేరం త్వరగా కుదురుతుందని అవతలివారు చెబుతారు. కూతురి పెళ్లికో, మరో ఇంటికి అడ్వాన్సు ఇచ్చో, రిటైరై సొంత వూరు చేరడానికో ఇల్లు అమ్మకానికి పెట్టిన కుటుంబానికి ఈ మాటలు సహజంగానే ఆశ కల్పిస్తాయి. ఉన్న ఒక్క ఆస్తి విషయంలో ఐదారు వేలకు వెనుకాడడం ఎందుకనిపిస్తుంది. ఆ ఐదారు వేలతో ఏమి వస్తుంది, ఏమి రాదు అన్నది విడదీసి చూడవలసి వున్నది.

రుసుముకు దక్కేది

హైదరాబాద్‌లోని మియాపూర్, కూకట్‌పల్లి, మణికొండ వంటి చోట్ల రెండు పడక గదుల ఫ్లాటు కోసం వెదికితే ఒక్కసారిగా వందల ప్రకటనలు కనిపిస్తాయి. వెదికేవారు మొదటి కొద్దిపాటి ప్రకటనలు చూసి అలసిపోతారు. సొమ్ము కట్టిన ప్రకటన ఆ మొదటి వరుసల్లో కొన్ని వారాలో, నెలలో వుంటుంది. కొన్ని ప్యాకేజీలలో ఫొటోలు తీసిపెట్టడం, వెదుకుతున్నవారి ఫోను నెంబర్లు ఇవ్వడం, మాట్లాడడానికి ఒక మనిషిని కేటాయించడం కూడా వుంటాయి. అంటే అమ్మకందారు కొనేది నలుగురి కంట పడే అవకాశం మాత్రమే. అమ్మకానికి గాని, ధరకు గాని అందులో హామీ లేదు. ఇల్లు అమ్ముడు కాకపోతే సొమ్ము వాపసు ఇస్తామని ఫోనులో ఎవరైనా అంటే, ఆ మాటను షరతులతో సహా రాతపూర్వకంగా తెప్పించుకున్న తర్వాతనే డబ్బు కట్టడం మంచిది. ఫోనులో మాట్లాడినవారు ఆరు నెలల తర్వాత అదే కుర్చీలో వుండకపోవచ్చు.

మరొక సంగతి. నెలల తరబడి ఇల్లు వెదుకుతున్నవారు కొత్త ప్రకటన రాగానే తెలిసే ఏర్పాటు పెట్టుకుంటారు, లేదా కొత్తవాటిని ముందు చూసుకుంటారు. పాతవి వారు అప్పటికే చూసి వదిలేసినవి. అందువల్ల డబ్బు కట్టినా కట్టకపోయినా మొదటి రెండు మూడు వారాలే ప్రకటనకు అసలు సీజను. ఆ రోజుల్లో ఉచితంగా వచ్చే చూపును మసక ఫొటోలతో, సగం వివరాలతో పాడుచేసుకుని, రెండో నెలలో రుసుము కట్టి దాన్ని తిరిగి కొనుక్కుంటున్నవారు తక్కువేమీ కాదు. పగటి వెలుతురులో తీసిన పది ఫొటోలు, ఫ్లాటు విస్తీర్ణం, స్థలంలో అవిభాజ్య వాటా, కట్టిన సంవత్సరం, నెలసరి నిర్వహణ ఖర్చు, కారు నిలిపే చోటు - ఇవన్నీ మొదటి రోజే పెట్టి, రెండు వారాలు ఉచిత ప్రకటననే నడిపి చూడాలి. ఎన్ని ఫోన్లు వచ్చాయన్నది కాదు, ఎందరు వచ్చి ఇల్లు చూశారన్నదే లెక్క. ఫోన్లే రాకపోతే ప్రకటన కనిపించడం లేదేమోనని అనుమానించవచ్చు. అప్పుడు రుసుముకు అర్థం వుంది. పదిమంది వచ్చి చూసి కూడా ఒక్కరూ ధర మాట్లాడకుండా వెళితే లోపం ప్రకటనలో లేదు. పదకొండో మనిషిని డబ్బిచ్చి రప్పించినా అతను కూడా చూసి వెళతాడు.

నిల్వ ఖర్చు

కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టిన వ్యాపారి అద్దె, వడ్డీ లెక్క వేయకుండా ధర కోసం ఎదురు చూడడు. ఇల్లు అమ్మేవారు ఈ లెక్క దాదాపు వేయరు. ఉదాహరణకు రు. 60 లక్షలు పలికే ఖాళీ ఫ్లాటును తీసుకుందాం. ఆ సొమ్ము చేతికి వచ్చి బ్యాంకులో 7 శాతం వడ్డీకి వుంటే నెలకు రు. 35 వేలు. నిర్వహణ ఖర్చు మరో రు. 3 వేలు అనుకుంటే, అమ్ముడు కాని ప్రతి నెలా రు. 38 వేలు పోతున్నట్టే. ప్రకటన రుసుము రు. 5 వేలు, దానిపై జి.ఎస్.టి. 18 శాతం కలిపి రు. 5,900 అయితే అది ఐదు రోజుల వడ్డీ పాటి. అమ్మకం ఒక వారం ముందుకు జరిగినా రుసుము గిట్టుబాటైనట్టే లెక్క. ఫ్లాటు అద్దెకు ఇచ్చి వుంటే నిల్వ ఖర్చు బాగా తగ్గుతుంది, తొందరా తగ్గుతుంది. బ్యాంకు అప్పు మీద వడ్డీ కడుతున్నవారికి, కొత్త ఇంటికి అడ్వాన్సు ఇచ్చి గడువులో మిగతా సొమ్ము సమకూర్చవలసినవారికి మాత్రం రోజు రోజూ ఖర్చే.

ఈ లెక్కలో రుసుము చిన్నది, పెద్దది ధర. అదే ఫ్లాటుకు యజమాని రు. 66 లక్షలు అడుగుతూ ఆరు నెలలు కూర్చుంటే నిల్వ ఖర్చు రు. 2 లక్షల 28 వేలు అవుతుంది. చివరకు రు. 62 లక్షల 28 వేలకు పైన అమ్మితేనే ఎదురు చూసినందుకు ఫలితం. ధరలు వేగంగా ఎగబాకే రోజుల్లో ఈ పందెం నెగ్గినవారు లేకపోలేదు. కాని స్తబ్ధుగా వున్న మార్కెట్లో నెలల తరబడి ఒకే ప్రకటన కనిపిస్తుంటే, ఇంటికి ఏదో చిక్కు వుందని కొనేవారు అనుకుంటారు. బేరం అక్కడి నుంచే దిగజారుతుంది.

అడిగే ధర, పలికే ధర

గుంటూరు మిర్చి యార్డు ధరలు పత్రికలో వేసినప్పుడు అవి ఆ రోజు సరుకు పలికిన ధరలు. పోర్టల్‌లో కనిపించే చదరపు అడుగు ధర అటువంటిది కాదు. అది యజమానులు అడుగుతున్న ధర. అమ్ముడైపోయిన ఫ్లాటు ప్రకటన తొలగిపోతుంది. ఎంతకు అమ్ముడైందో అక్కడ రాసి వుండదు. ఎక్కువ అడిగి అమ్ముకోలేనివారి ధరలే తెర మీద ఎక్కువ కాలం నిలుస్తాయి. వాటిని చూసి పక్క ఫ్లాటువారు తమ ధర నిర్ణయించుకుంటారు, 'బేరానికి వుండాలి' అని పైన మరో రెండు లక్షలు కలుపుతారు. ప్రభుత్వ మార్కెట్ విలువను ఆధారం చేసుకుందామంటే అది అసలు ధర కంటే తక్కువగా వుండడం, రిజిస్ట్రేషన్ పత్రాల్లో పూర్తి సొమ్ము చూపకపోవడం మన దగ్గర పాత జబ్బులే. ఇందుకు పనికివచ్చే మార్గం అదే సముదాయంలో గత ఆరు నెలల్లో అమ్మినవారిని నేరుగా అడగడం. అసోసియేషన్ కార్యదర్శికి, వాచ్‌మన్‌కు తెలిసినంత పోర్టల్‌కు తెలియదు.

ప్రకటన మార్గాన్ని బట్టి ధర మారుతుందా అన్నదాన్ని అమ్మకాల వివరాలతో పరిశీలించిన సందర్భం అమెరికాలో వుంది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరంలో, స్థిరమైన చిన్న రుసుము తీసుకుని యజమానుల ఇళ్లను చూపే వెబ్‌సైట్ ఒకటి వుండేది. దాని ద్వారా యజమానులు స్వయంగా అమ్మిన ఇళ్లను, దళారీల ఉమ్మడి జాబితా ద్వారా అమ్ముడైన ఇళ్లను హెండెల్, నెవో, ఓర్టలో-మాగ్నే అనే ఆర్థికవేత్తలు పోల్చారు. 1998 నుంచి 2004 వరకు జరిగిన అమ్మకాలపై వారి వ్యాసం 2009లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూలో వెలువడింది. దళారీల జాబితాలో పెట్టినంత మాత్రాన ధర చెప్పుకోదగినంత ఎక్కువ వచ్చినట్టు వారికి కనిపించలేదు. తేడా కనిపించింది వేగంలో: సొంతంగా అమ్మేవారికి ఎక్కువ రోజులు పట్టింది, అమ్ముడయ్యే అవకాశమూ తక్కువగా వుంది. కొందరు మధ్యలోనే దళారీల వద్దకు మారిపోయారు.

ఆ ఫలితాన్ని ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోలేము. అక్కడ మొత్తం కమీషన్ 6 శాతం దరిదాపుల్లో వుండి అమ్మేవారి మీదే పడేది. కాబట్టి దళారీని తప్పించుకుంటే మిగులు పెద్దది. హైదరాబాద్‌లో రెండు వైపులా చెరో 1 శాతం, కొన్ని చోట్ల 2 శాతం తీసుకోవడం వాడుక. రు. 60 లక్షల ఫ్లాటుకు 1 శాతం అంటే రు. 60 వేలు, దళారీ జి.ఎస్.టి. నమోదు కలిగివుంటే పన్నుతో రు. 70,800. దళారీలందరికీ ఉమ్మడి జాబితా అన్నది కూడా ఇక్కడ లేదు. ఎవరి పుస్తకం వారిదే. ధరను నిర్ణయించేది ప్రకటన కాదు అన్నంత వరకు మాత్రం మాడిసన్ అనుభవం పనికి వస్తుంది.

దళారీ తప్పుతాడా?

రుసుము కట్టేవారిలో చాలామంది ఆశ కమీషన్ మిగుల్చుకోవాలన్నది. ఆచరణలో ప్రకటన పడగానే వచ్చే ఫోన్లలో పెద్ద భాగం దళారీలవే. 'మా దగ్గర పార్టీ సిద్ధంగా వుంది' అంటారు. నిజంగా వున్నా, అతడు వచ్చింది దళారీ ద్వారా కాబట్టి కమీషన్ ఇవ్వక తప్పదు. అప్పుడు రుసుము, కమీషన్ రెండూ యజమాని మీదనే పడతాయి. పైగా దళారీలు తమ ప్యాకేజీలు తామే మొత్తంగా కొనుక్కుని వుంటారు. ఇల్లు దళారీకి అప్పగించదలచినవారు విడిగా రుసుము కట్టనవసరం లేదు. అతని ఖాతాలోనే ప్రకటన వేయమనడం సబబు. నలుగురు దళారీలకు మాట ఇస్తే ఒకే ఫ్లాటు నాలుగు ధరలతో నాలుగు చోట్ల కనిపిస్తుంది. కొనేవారు సహజంగా వాటిలో తక్కువ ధర పట్టుకుని బేరం మొదలు పెడతారు. ఒక్కరికి, గడువు పెట్టి, ధర రాసి ఇవ్వడం మేలు.

రుసుము ఎక్కువగా పని చేసేది ఒకే రకం ఫ్లాట్లు అనేకం పోటీ పడే చోట, కొనేవారు ఉద్యోగరీత్యా బయటి నుంచి వచ్చినవారైన చోట. కొండాపూర్, నల్లగండ్ల, విశాఖలో మధురవాడ వంటివి ఆ కోవకు వస్తాయి. తెనాలిలోనో, జగిత్యాలలోనో పాత వీధిలోని సొంత ఇంటిని కొనేది తరచు ఎదురింటివారో, బంధువులో, ఆ బజారులోని వ్యాపారో. అక్కడ గేటు బోర్డు, నోటి మాట చేసే పని పోర్టల్ చేయదు. అమెరికాలో వుంటూ హైదరాబాద్ ఫ్లాటు అమ్మేవారి సమస్య వేరు. ప్రకటన ఎంత పైన వున్నా తాళం తీసి చూపించే మనిషి ఇక్కడ లేకపోతే ఆ రుసుము దండగే.

కాగితాల చిక్కును కూడా రుసుము తీర్చదు. అనుమతికి మించి కట్టిన అంతస్తులోని ఫ్లాటుకు, లింకు డాక్యుమెంట్లు తెగిన ఇంటికి బ్యాంకు అప్పు దొరకడం కష్టం. చూసినవారు ఎక్కువైన కొద్దీ వెనుదిరిగేవారూ ఎక్కువవుతారు. ఈ.సీ., అనుమతి పత్రం, పన్ను రశీదులు, బ్యాంకులో బాకీ వుంటే దాని వివరం ముందు సిద్ధం చేసుకుని తర్వాత ప్రకటన వేసినవారికే వచ్చిన బేరం చేజారకుండా వుంటుంది.

ప్రకటనతో ఫోను నెంబరు నలుగురి చేతిలో పడుతుంది. ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతామని, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టమని అడిగేవారు మోసగాళ్లు. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొడితే పోయేది మన సొమ్మే.

పన్ను విషయం ఒకటి మిగిలింది. రు. 50 లక్షలు, ఆపైన ధరకు అమ్మితే కొనేవారు 1 శాతం టి.డి.ఎస్. మినహాయించి మిగతాది ఇస్తారు. విదేశాల్లో నివాసముంటున్న యజమాని అయితే మినహాయింపు అంతకంటే చాలా ఎక్కువ. రెండేళ్లకు మించి చేతిలో వున్న ఇంటిపై లాభానికి 2024 జులై 23 నుంచి 12.5 శాతం పన్ను. ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి, ఇక్కడ నివసించేవారు ద్రవ్యోల్బణ సవరణతో 20 శాతం పద్ధతిని ఎంచుకోవచ్చు. ఏ పద్ధతిలోనైనా అమ్మకం కోసమే పెట్టిన ఖర్చును లాభం నుంచి తీసివేయవచ్చు. ప్రకటన రుసుము, దళారీ కమీషన్ రెండూ ఇందులోకి వస్తాయి. 12.5 శాతం మీద చూస్తే రు. 5,900 రుసుముకు తగ్గే పన్ను సుమారు రు. 740; రు. 70,800 కమీషన్‌కు రు. 8,850. ఇంటి యజమాని పేరు మీద బిల్లు, బ్యాంకు ద్వారా చెల్లించిన ఆధారం వుండాలి. చేతి నుంచి చేతికి నగదుగా ఇచ్చి రశీదు తీసుకోని కమీషన్‌ను లెక్కలో చూపడం కష్టం.