కరోనా తగ్గింది సరే, క్రియాటినిన్ చూసుకున్నారా?

ఈ ఎపిసోడ్‌లో కరోనాకీ కిడ్నీలకీ ఉన్న లింకు గురించి మాట్లాడుకుందాం. నేను యూరాలజిస్ట్‌ని. "కరోనా ఊపిరితిత్తుల జబ్బు కదా డాక్టర్ గారూ, కిడ్నీల దాకా ఎందుకు వెళ్తుంది?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. న్యాయమైన ప్రశ్నే.

ముందు కిడ్నీ పని ఏంటో చూద్దాం. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల చిన్న చిన్న ఫిల్టర్లు ఉంటాయి. రెండు కిడ్నీలూ కలిసి రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లే మూత్రంగా బయటికి పోతుంది, మిగతాదంతా తిరిగి రక్తంలోకే. ఇంత పని జరగాలంటే రక్తం మంచి ప్రెషర్‌తో వస్తూ ఉండాలి, ఆక్సిజన్ అందుతూ ఉండాలి. కరోనా సీరియస్ అయినవాళ్లలో ఈ రెండూ పడిపోతాయి. దానికి తోడు సన్నటి రక్తనాళాల్లో గడ్డలు కడతాయి, ఒంట్లో వాపు పెరుగుతుంది. వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏసీఈ-2 అనే తలుపు కిడ్నీ కణాల మీద కూడా ఉంది. అయితే వైరస్ నేరుగా చేసే నష్టం ఎంత అనేదాని మీద డాక్టర్ల మధ్య ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

ఎంతమందికి ఇలా అయింది? 2020 మొదట్లో వుహాన్‌లో ఆసుపత్రిలో చేరిన 701 మందిని చూస్తే, సుమారు 44 శాతం మందికి మూత్రంలో ప్రోటీన్ కనిపించింది. అదే ఏడాది న్యూయార్క్‌లో అడ్మిట్ అయిన 5,449 మందిలో దాదాపు 37 శాతం మందికి కిడ్నీలు ఉన్నట్టుండి దెబ్బతిన్నాయి. కంగారు పడకండి, ఇవి ఆసుపత్రిలో చేరినవాళ్ల లెక్కలు. ఇంట్లోనే రెండు రోజుల జ్వరంతో బయటపడ్డవాళ్లకి రిస్క్ చాలా తక్కువ.

మరి ఇంట్లో ఉన్నవాళ్లకి ప్రమాదమే లేదా అంటే, ఉంది. అది వైరస్ కంటే మనం చేసుకునేదే ఎక్కువ. జ్వరం, దానికి తోడు విరేచనాలు. నోరు చేదుగా ఉందని నీళ్లు తాగరు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపుకి వెళ్లి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి అడిగి తెచ్చుకుంటారు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాన్ని వెడల్పు చేసుకుని ఎలాగోలా నెట్టుకొస్తుంది. ఈ నొప్పి మాత్ర సరిగ్గా ఆ ఏర్పాటునే మూసేస్తుంది. పాతికేళ్ల కుర్రాళ్లు కూడా ఇలా నా దగ్గరికి వచ్చారు. ఇది డెంగ్యూకైనా, మామూలు వైరల్ ఫీవర్‌కైనా వర్తిస్తుంది. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అది కూడా డోసు దాటకుండా. విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగండి. ఆరు గంటలైనా మూత్రం రాలేదంటే, లేదా టీ డికాక్షన్ రంగులో వస్తోందంటే తెల్లారే దాకా ఆగకండి.

ఇక మూత్రం సంగతి. కరోనా వచ్చాక కొందరికి రాత్రిపూట నాలుగైదు సార్లు లేవాల్సి రావడం, ఆపుకోలేకపోవడం మొదలైంది. 2020లోనే అమెరికా డాక్టర్లు దీని గురించి రాశారు. చాలామంది యూరిన్ ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మింగేస్తారు. ముందు యూరిన్ కల్చర్ చేయించండి, క్రిములు లేకపోతే ఆ మాత్ర దండగ. ఐసీయూలో రోజుల తరబడి మూత్రం గొట్టం వేసుకున్న మగవాళ్లు ఇంకొకటి గమనించాలి. నెలల తర్వాత ధార సన్నబడినా, ముక్కాల్సి వస్తున్నా మూత్రనాళం కుంచించుకుపోయి ఉండొచ్చు. వయసు మీద పడిందని సర్దుకుపోకండి.

బ్లాక్ ఫంగస్ గుర్తుంది కదా, 2021లో ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఊళ్లు తిరిగారు. ప్రాణాలు కాపాడింది, కానీ కిడ్నీల మీద బాగా భారం వేసే మందు అది. అది తీసుకున్నవాళ్లు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, కిడ్నీ పాడవుతుంటే చాలావరకు నొప్పి ఉండదు. సగం పని పోయే దాకా క్రియాటినిన్ నంబర్ కూడా పెద్దగా కదలదు. ఉద్దానం వైపు ఇది ఇంటింటికీ తెలిసిన మాట, మిగతాచోట్ల డయాలసిస్ దాకా వచ్చాక తెలుస్తోంది. అమెరికాలో 17 లక్షల మందికి పైగా మాజీ సైనికుల రికార్డులు చూసి 2021లో ఒక అధ్యయనం వచ్చింది. కరోనా తగ్గి నెల దాటాక కూడా కిడ్నీ సమస్యలు ఎక్కువగా కనిపించాయి, జబ్బు ఎంత తీవ్రమైతే అంత ఎక్కువ.

కాబట్టి ఒక పని చేయండి. మీ ఇంట్లో ఎవరైనా కరోనాతో ఆసుపత్రిలో ఉండి వచ్చారా? అప్పటి రిపోర్టులు ఏదో ఒక వాట్సాప్ చాట్‌లో పడి ఉంటాయి. వెతికి క్రియాటినిన్ ఎంతుందో చూడండి. ఇప్పుడు మళ్లీ ఆ పరీక్ష, దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ పరీక్ష చేయించి రెండూ పక్కపక్కన పెట్టండి. షుగర్, బీపీ ఉన్నవాళ్లకైతే ఏటా చేయించాల్సిందే. రిపోర్టులో నార్మల్ అని ఉన్నా వయసు చూడండి. కండ పట్టిన కుర్రాడికి 1.2 మామూలే. అదే 1.2 డెబ్బై ఏళ్ల మీ నాయనమ్మకి ఉంటే ఆవిడ కిడ్నీలు సుమారు సగమే పనిచేస్తున్నట్టు.