థీమ్ పార్క్‌కి ఫ్యామిలీతో వెళ్తున్నారా..? టికెట్ కంటే ముందు పిల్లల ఎత్తు కొలవండి!

సెలవులు వచ్చాయంటే చాలు.. ఇంట్లో పిల్లల నోట ఒకటే మాట. వండర్‌లా ఎప్పుడు? రామోజీ ఫిల్మ్ సిటీ ఎప్పుడు? పేరెంట్స్ కూడా వీకెండ్ చూసుకుని, ఆఫర్ చూసుకుని టికెట్లు బుక్ చేసేస్తారు. తీరా అక్కడికి వెళ్లాక అసలు సినిమా మొదలవుతుంది. పెద్దోడు ఎక్కే రైడ్ చిన్నదానికి కుదరదు. అమ్మమ్మకి బీపీ. ఎండకి ఒకరికి తలనొప్పి. సాయంత్రానికి అందరూ అలసిపోయి, సగం రైడ్లు ఎక్కకుండానే ఇంటికి బయలుదేరతారు.

ఇది డబ్బు నష్టం వరకే అయితే ఫర్వాలేదు. కానీ హడావుడిలో పక్కన పెట్టే చిన్న రూల్స్ కొన్నిసార్లు ప్రాణాల మీదకు తెస్తాయి. అందుకే నిపుణులు చెప్పే మొదటి మాట.. పార్క్‌లో ఏ రైడ్ పెద్దదో చూసి కాదు, ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు, అందరికంటే పెద్దవాళ్లు ఎవరో చూసి ప్లాన్ వేయాలి. అదెలాగో చూద్దాం.

ఎత్తు రూల్ ఎందుకు పెట్టారు?

రైడ్ గేటు దగ్గర గీత గీసిన బోర్డు చూసే ఉంటారు. అంతకంటే తక్కువ ఎత్తు ఉంటే లోపలికి పంపరు. పెద్ద థ్రిల్ రైడ్లకు చాలా చోట్ల 140 సెంటీమీటర్లు, అంటే దాదాపు 4 అడుగుల 7 అంగుళాల ఎత్తు అడుగుతారు. పిల్లాడికి పన్నెండేళ్లు వచ్చినా ఎత్తు సరిపోకపోతే నో ఎంట్రీనే. ఇక్కడ వయసుతో పనిలేదు.

దీని వెనక ఉన్న లెక్క ఏంటంటే.. రోలర్ కోస్టర్‌లో మనిషిని సీట్లో పట్టి ఉంచేది భుజాల మీదుగా వచ్చే హార్నెస్ లేదా తొడల మీద దిగే బార్. అవి ఒక కొలత శరీరానికి తగ్గట్టు తయారవుతాయి. పొట్టిగా ఉన్న పిల్లలకు భుజం దగ్గర ఉండాల్సిన హార్నెస్ మెడ దగ్గరకో, చెవుల దగ్గరకో వస్తుంది. తొడల దగ్గర ఖాళీ మిగులుతుంది. రైడ్ ఒక్కసారిగా కిందకు పడినప్పుడు శరీరం సీటు నుంచి పైకి లేస్తుంది. అప్పుడు ఆ ఖాళీలోంచే జారిపోయే ప్రమాదం ఉంటుంది.

బరువు విషయంలోనూ ఇంతే. 2022 మార్చిలో అమెరికాలోని ఓర్లాండోలో ఒక డ్రాప్ టవర్ రైడ్ నుంచి 14 ఏళ్ల అబ్బాయి కిందపడి చనిపోయాడు. తయారీ సంస్థ మాన్యువల్ ప్రకారం ఆ రైడ్‌కు గరిష్ఠ బరువు పరిమితి సుమారు 130 కిలోలు. అబ్బాయి బరువు అంతకంటే ఎక్కువ. ఆ సీటు సెన్సర్‌ను సర్దుబాటు చేయడంతో హార్నెస్‌కి, సీటుకి మధ్య ఉండాల్సిన దానికంటే ఎక్కువ ఖాళీ ఉన్నా రైడ్ స్టార్ట్ అయిందని విచారణలో తేలింది.

మన దగ్గర కొంతమంది చేసే పని ఒకటుంది. పిల్లలకు మందపాటి చెప్పులు వేయడం, మడమలు ఎత్తి నిలబడమనడం, 'ఒక్క అంగుళమే కదా బ్రదర్, పంపించెయ్' అని స్టాఫ్‌ని బతిమాలడం. అస్సలు చేయొద్దు. ఆ ఒక్క అంగుళమే సీట్లో ఖాళీగా మారుతుంది.

టికెట్ బుక్ చేసే ముందు ఇంట్లోనే చేయాల్సినవి

చెప్పులు లేకుండా గోడకు నిలబెట్టి పిల్లల ఎత్తు కొలవండి. తర్వాత పార్క్ వెబ్‌సైట్‌లో రైడ్ల లిస్ట్ తీసి, ఎవరు ఏది ఎక్కగలరో ముందే మార్క్ చేసుకోండి. పిల్లలకు కూడా ఇంట్లోనే చెప్పేయండి. గేటు దగ్గర ఏడుపులు తగ్గుతాయి. దీంతో ఇంకో లాభం కూడా ఉంది. వండర్‌లాలో పిల్లల టికెట్‌కి వయసు కాదు, ఎత్తే లెక్క. కొలత తెలిస్తే ఎన్ని ఫుల్ టికెట్లు, ఎన్ని చైల్డ్ టికెట్లు కావాలో ముందే క్లారిటీ వస్తుంది.

ఏ పార్క్‌కి వెళ్లాలన్నది కూడా ఇక్కడే తేలిపోతుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రావిర్యాలలో 2016లో మొదలైన వండర్‌లాలో రైడ్లే ప్రధానం. టీనేజ్ పిల్లలున్న ఇంటికి బాగా సెట్ అవుతుంది. విజయవాడ హైవే మీద ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ అలా కాదు. అక్కడ బస్సులో తిరుగుతూ సెట్లు, గార్డెన్లు, షోలు చూడటమే ఎక్కువ. తాతయ్య, నానమ్మలతో, బాగా చిన్న పిల్లలతో వెళ్లేవాళ్లకు అది సౌకర్యం. కాకపోతే నడక మాత్రం బాగానే ఉంటుంది.

గుండె జబ్బు, హై బీపీ, మూర్ఛ, నడుము లేదా మెడ నొప్పి ఉన్నవాళ్లు, ఈ మధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, గర్భిణులు థ్రిల్ రైడ్లు ఎక్కకూడదు. డౌట్ ఉంటే ముందే డాక్టర్‌ని అడగండి. షుగర్ ఉన్నవాళ్లు భోజనం, మందుల టైమ్ తప్పకుండా చూసుకోవాలి. బయటి ఫుడ్‌ని చాలా పార్కులు అనుమతించవు. పసిపిల్లల ఆహారం, మందులకు మాత్రం సాధారణంగా మినహాయింపు ఉంటుంది. ప్రిస్క్రిప్షన్ ఫోన్‌లో పెట్టుకుంటే సెక్యూరిటీ దగ్గర వాదన ఉండదు.

వీలైతే మంగళ, బుధ లాంటి రోజుల్లో వెళ్లండి. క్యూలు తక్కువ. వీకెండ్ తప్పదనుకుంటే గేట్లు తెరిచే టైమ్‌కే అక్కడ ఉండాలి. పండగ రోజుల్లో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఖరీదు ఎక్కువే అయినా, చిన్నపిల్లలతో గంటలకొద్దీ ఎండలో నిలబడే బాధ తప్పుతుంది.

డ్రెస్ విషయంలో ఇవి మర్చిపోవద్దు

వాటర్ రైడ్లకు నైలాన్, పాలిస్టర్ బట్టలే వేసుకోవాలని పార్కులు ఎందుకు పట్టుబడతాయి? కాటన్ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఒంటికి చుట్టుకుంటుంది. స్లైడ్ మీద సాఫీగా జారనివ్వదు. దారం పోగులు నీటి ఫిల్టర్లలో ఇరుక్కుంటాయి. ఇంటి నుంచే తీసుకెళ్తే అక్కడ కొనే ఖర్చు మిగులుతుంది.

చున్నీ, స్కార్ఫ్, పొడవాటి గొలుసులు, గాజులు, కళ్లజోడు, ఫోన్.. రైడ్ ఎక్కేముందు అన్నీ లాకర్‌లోకి వెళ్లాల్సిందే. జుట్టు పొడవుగా ఉంటే గట్టిగా ముడి వేయాలి. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ శివారు గుర్రంగూడలో గో-కార్టింగ్ చేస్తుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని, తలకు తీవ్ర గాయమై ఓ బీటెక్ విద్యార్థిని చనిపోయింది. హెల్మెట్ పెట్టుకున్నా, జుట్టు బయటికి వేలాడితే ప్రమాదమేనని చెప్పిన ఘటన అది.

నీళ్లలో.. చెయ్యి చాపితే అందేంత దూరంలోనే

సినిమాల్లో చూపించినట్టు మునిగిపోతున్న పిల్లలు చేతులు ఊపుతూ కేకలు వేయరు. ఊపిరి కోసమే కొట్టుకుంటారు కాబట్టి గొంతు రాదు. అందుకే పక్కనే జనం ఉన్నా ఎవరూ గమనించరు. లైఫ్‌గార్డ్ ఉన్నాడు కదా అని ఒడ్డున కూర్చుని రీల్స్ చూడొద్దు. చిన్నపిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ ఒక పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి.

ఆ పెద్దవాళ్లు ఎవరన్నది పేరు పెట్టి చెప్పుకోవాలి. నలుగురు పెద్దవాళ్లున్న గుంపులో 'ఎవరో ఒకరు చూస్తున్నార్లే' అనుకుంటే ఎవరూ చూడనట్టే. అరగంట బాబాయ్, అరగంట అత్త.. ఇలా డ్యూటీ వేసుకోండి.

గాలి నింపిన ట్యూబ్‌లు, చేతులకు తొడిగే ఫ్లోటర్లు ఆట వస్తువులే. అవి లైఫ్ జాకెట్‌కి బదులు కావు. వేవ్ పూల్‌లో అలలు మొదలయ్యే ముందు సైరన్ మోగుతుంది. అది వినగానే పిల్లల్ని లోతు తక్కువ వైపు తెచ్చేయండి. స్లైడ్ మీద స్టాఫ్ చెప్పిన పొజిషన్‌లోనే జారాలి. తల ముందుకు పెట్టి జారితే మెడకు దెబ్బ తగలొచ్చు. కిందకు చేరగానే వెంటనే పక్కకు తప్పుకోవాలి. వెనక ఇంకొకరు వస్తుంటారు.

ఎండ దెబ్బ తగలకుండా..

నీళ్లలో ఉన్నాం కదా, డీహైడ్రేషన్ రాదనుకోవడం పొరపాటు. చెమట తెలియదంతే, ఒంట్లో నీరు తగ్గుతూనే ఉంటుంది. ఉదయం డ్రై రైడ్లు, మధ్యాహ్నం ఎండలో నీటి రైడ్లు లేదా ఇండోర్ షోలు, సాయంత్రం మళ్లీ డ్రై రైడ్లు.. ఇలా ప్లాన్ చేస్తే శరీరానికి తేలిక. నీటి రైడ్ల టైమింగ్స్ ముందే చూసుకోండి. కడుపు నిండా తిన్న వెంటనే తిరిగే రైడ్ ఎక్కితే వాంతులు ఖాయం. కనీసం గంట ఆగండి.

ఓఆర్‌ఎస్ తీసుకెళ్లేటప్పుడు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్మే తీపి డ్రింక్స్‌పై హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి ఆ ఫార్ములా లేని డ్రింక్స్‌కి ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆదేశించింది. లీటర్ నీళ్లకు అని రాసి ఉన్న ప్యాకెట్‌ని లీటర్‌లోనే కలపాలి, గ్లాసులో కాదు.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా అది వడదెబ్బ లక్షణం. నీడలోకి తెచ్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ పార్క్ ఫస్ట్ ఎయిడ్ సెంటర్‌కి చెప్పండి, 108కి ఫోన్ చేయండి.

పిల్లలు తప్పిపోతే ఏం చేయాలి?

- లోపలికి వెళ్లే ముందు పిల్లల ఫొటో ఒకటి తీయండి. ఆ రోజు ఏ డ్రెస్‌లో ఉన్నారో స్టాఫ్‌కి వెంటనే చూపించొచ్చు.
- ఫోన్ నంబర్‌ని చేతి బ్యాండ్ మీద చెరిగిపోని పెన్నుతో రాయండి. ఫోన్ లాకర్‌లో ఉంటుంది కాబట్టి, బయట ఉండే పెద్దవాళ్ల నంబర్ రాస్తే మంచిది.
- ఎవరైనా విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. అందరికీ కనిపించే పెద్ద గుర్తు అయితే బెస్ట్.
- తప్పిపోతే యూనిఫామ్, ఐడీ కార్డు ఉన్న స్టాఫ్ దగ్గరకే వెళ్లాలని, గేటు దాటి బయటికి రాకూడదని పిల్లలకు నేర్పండి.
- కనిపించట్లేదని తెలిసిన నిమిషంలోనే సెక్యూరిటీకి చెప్పండి. మనమే వెతుకుదాంలే అని ఆగొద్దు. అత్యవసరమైతే 112, చైల్డ్‌లైన్ 1098.

రైడ్ మధ్యలో ఆగిపోతే?

భయం వేయడం సహజమే. కానీ రోలర్ కోస్టర్ ట్రాక్‌ను భాగాలుగా విడగొట్టి, ఒక భాగంలో ఒక ట్రైన్ మాత్రమే ఉండేలా డిజైన్ చేస్తారు. ఎక్కడైనా సెన్సర్ తేడా చూపిస్తే బ్రేకులు పడతాయి. అంటే రైడ్ ఆగిందంటే చాలాసార్లు సేఫ్టీ సిస్టమ్ పనిచేసినట్టే. ఇలాంటప్పుడు బెల్ట్ తీసి దిగాలని చూడటమే అసలు ప్రమాదం. స్టాఫ్ వచ్చేదాకా కదలకుండా కూర్చోవాలి.

ఎగ్జిబిషన్లు, జాతరల్లో రైడ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త అవసరం. అవి తాత్కాలికంగా బిగించేవి. 2025 జనవరిలో నాంపల్లి నుమాయిష్‌లో ఓ రైడ్ మధ్యలో ఆగిపోయి, అందులోవాళ్లు తలకిందులుగా వేలాడారు. అప్పుడు పెద్ద ప్రమాదం తప్పింది. శాశ్వత పార్కులైనా తనిఖీ లేకపోతే అంతే. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర పెండ్యులమ్ రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, పాతిక మందికి పైగా గాయపడ్డారు.

అందుకే ఎక్కేముందు రెండు నిమిషాలు నిలబడి ఒక రౌండ్ చూడండి. ఆపరేటర్ ప్రతి సీటు బెల్ట్‌ని చేత్తో లాగి చెక్ చేస్తున్నాడా? ఎత్తు, బరువు బోర్డు ఉందా? పరిమితికి మించి ఎక్కిస్తున్నారా? తుప్పు పట్టిన జాయింట్లు, తాడుతో కట్టిన బార్లు, నేల మీద తేలిన కరెంట్ వైర్లు కనిపిస్తున్నాయా? ఒక్కటి తేడాగా ఉన్నా ఎక్కొద్దు. ఇండోర్ గేమ్ జోన్ అయితే లోపలికి వెళ్లగానే ఎగ్జిట్ దారులు చూసుకోండి. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నిప్రమాదంలో 27 మంది బలయ్యారు. దానికి ఫైర్ ఎన్‌వోసీ కూడా లేదని తర్వాత బయటపడింది.

భయపడే పిల్లల్ని 'ఏం కాదు, ఎక్కు' అని బలవంతం చేయొద్దు. భయంలో బెల్ట్ లాగడం, సీట్లో మెలికలు తిరగడం చేస్తే వాళ్లకే ప్రమాదం.

చివరిగా.. తిరుగు ప్రయాణం. రోజంతా ఎండలో, నీళ్లలో ఆడినవాళ్లు రాత్రి ఔటర్ మీద స్టీరింగ్ పట్టుకుంటే కళ్లు మూతపడటం ఖాయం. రైడ్లు ఎక్కకుండా విశ్రాంతి తీసుకున్న ఒకరిని డ్రైవింగ్‌కి ఉంచండి. లేదంటే క్యాబ్ మాట్లాడుకోండి. పార్క్‌లో పాటించిన జాగ్రత్తంతా ఇంటి గుమ్మం దాకా ఉంటేనే ఆ ట్రిప్ సక్సెస్ అయినట్టు.