డిస్కు టోపీ మీద అంకె

వానాకాలంలో కారు బ్రేకు ఎర్రబడితే ఎప్పుడు ఊరుకోవచ్చు, ఎప్పుడు ఊరుకోకూడదు?

మంగళవారం ఎడిటర్ గారు ఫోన్ చేశారు. "వానలు పట్టాయి. బ్రేకులు తుప్పు పట్టాయని జనం హడలిపోతున్నారు. ముఖచిత్ర కథనం మీదే, శుక్రవారం సాయంత్రానికి చేతికి రావాలి." బుధవారం పొద్దున్నే చోడవరం దాటి బుచ్చయ్యపేట మండలంలోకి వెళ్లాను. ఈ పల్లెల్లో చాలా కార్లు పండక్కో, పెళ్లికో, విశాఖ ఆసుపత్రికో తప్ప గడప దాటవు. మిగతా రోజులు పట్టా కప్పుకుని చెట్టు కిందే ఉంటాయి. తుప్పుకు కావలసింది కూడా అదే.

ఓ రిటైర్డ్ మాస్టారి పెరట్లో వేప చెట్టు కింద కారు నలభై రోజులుగా కదల్లేదు. సంచి భుజాన వేసుకుని వచ్చిన ముసలి మేస్త్రీ జాకీ ఎత్తి ముందు చక్రం ఊడదీశాడు. డిస్కు ముఖమంతా ఇటుక పొడి అద్దినట్టుంది. నగరంలో ఓ వర్క్‌షాపుకి ఫొటో పంపితే నాలుగు చక్రాలకూ అన్నీ మార్చాలన్నారని మాస్టారు దిగులుగా చెప్పారు.

మేస్త్రీ వేలితో డిస్కు మీద రుద్ది, అంటిన ఎర్రపొడి చూపించాడు. "ఇది ఏటీ కాదు మాస్టారూ. చోడవరం ఎల్లొచ్చీసరికి అద్దంనాగ అయిపోతాది."

నిజమే. డిస్కు పోత ఇనుము. ప్యాడ్లు ఒరుసుకునే ముఖానికి రంగు వేసినా నిలవదు. అందుకే ఒక్క రాత్రి వాన కురిస్తే తెల్లారేసరికి పలచటి ఎర్రపొర కడుతుంది. కాస్త బ్రేకు తొక్కుతూ వెళితే ప్యాడ్లే దాన్ని గీకేస్తాయి. ఆ కాసేపు గరగరమంటుంది, బ్రేకు కాస్త మొండికేస్తుంది. కాబట్టి మొదటి కిలోమీటరు మెల్లగా తోలాలి. కిరసనాయిలో, ఇంకే నూనో పోసి తుప్పు వదిలించాలని మాత్రం చూడొద్దు. ప్యాడ్లు నూనె పీల్చుకుంటే బ్రేకు పట్టదు.

నన్ను పట్టి నిలబెట్టింది ఆ తర్వాత జరిగిన పని. డిస్కు మధ్యలో టోపీలా ఉబ్బిన భాగాన్ని మేస్త్రీ తీగ బ్రష్షుతో తోమాడు. సుద్దముక్క అడ్డంగా రుద్దాడు. మాసిపోయిన అక్షరాలు తెల్లగా పైకి తేలాయి: మిన్ టీహెచ్ 20. డిస్కు ఎంతవరకు అరగవచ్చో తయారుచేసినవాళ్లు దాని ఒంటి మీదే రాసిపెట్టిన మాట అది. ఇరవై మిల్లీమీటర్ల కంటే పలచబడితే మార్చి తీరాలి. చాలా డిస్కుల మీద ఈ అంకె ఉంటుంది, కారును బట్టి మారుతుంది. కారున్నవాళ్లలో ఎంతమంది దాన్ని చూసి ఉంటారు?

వెర్నియర్ పెడితే 21.8 వచ్చింది. మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. ప్యాడ్లు తగలని అంచు అరగదు, పైగా తుప్పుతో గట్టులా లేస్తుంది. కొలత ఆ గట్టు మీద పడింది. జేబులోంచి రెండు రూపాయి బిళ్లలు తీసి, అరిగిన చోట ఇటొకటి అటొకటి ఆనించి మళ్లీ కొలిచాడు: 23.4. బిళ్లలు రెండూ కలిపి 2.9. తీసేస్తే 20.5. ఇంకా అర మిల్లీమీటరు ప్రాణం ఉంది. "ఇప్పుడు మార్చక్కర్లేదు. ప్యాడ్లు మార్చినప్పుడు మళ్లీ కొలుద్దాం." ఖరీదైన పరికరమేదీ లేకుండా, అంకె చూపించి మాట్లాడే మనిషి మీద నాకు గురి కుదిరింది. కొలవకుండా మార్చమనేవాళ్లను నేను నమ్మను.

చరిత్ర రెండు ముక్కల్లో: ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. 1953 లె మాన్ పందెంలో జాగ్వార్ సి-టైప్ వాటితో గెలిచాక లోకం కన్ను పడింది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇప్పటికీ ముందు డిస్కులు, వెనక డ్రమ్ములే.

అసలు రోగం ఆ వెనకే దొరికింది. హ్యాండ్ బ్రేకు దింపినా ఎడమ చక్రం తిరగలేదు. నలభై రోజుల తడికి షూ లైనింగ్ డ్రమ్ముకు అతుక్కుపోయింది. సుత్తితో చుట్టూ తట్టి తట్టి డ్రమ్ము లాగితే లైనింగ్ సగం ఊడి డ్రమ్ములోనే ఉండిపోయింది. బయటికి కనిపించే ఎరుపుకు భయపడ్డారు గానీ, కనిపించని చోట బ్రేకు తెగింది. వెనక షూలు జతలుగా మార్చాక మాస్టారు, నేను చోడవరం వెళ్లొచ్చాం. డిస్కులు తళతళలాడాయి.

బాక్స్: ఊరుకోకూడని తుప్పు

ఒకరోజు తిరిగాక కూడా డిస్కు మీద గుంటలో, ఎర్రటి పట్టీయో మిగిలితే చూపించాలి. మిగతా డిస్కులు మెరిసి ఒకటే ఎర్రగా ఉంటే ఆ కాలిపర్ పిన్ను పట్టేసి ఉండొచ్చు. పెడల్ వణికినా, బండి ఒక పక్కకు లాగినా, చక్రం దగ్గర మాడు వాసన వచ్చినా తోలడం ఆపండి. బ్రేక్ ఆయిల్ వెళ్లే ఇనుప గొట్టం పొరలుగా లేచినా, చెమ్మగిలినా ఇక ఆ బండి తీయకండి. అది పగిలితే పెడల్ కిందికి పోతుంది.

బాక్స్: నీళ్లలో నిలిచిన కారు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుపాన్లలో చక్రాలు మునిగిన కారుకు డ్రమ్ములు విప్పి కడిగించాలి. బ్రేక్ ఆయిల్ చెమ్మ పీల్చుకుంటుంది. మునిగిన కారుకు వెంటనే, మిగతావాటికి రెండేళ్లకోసారి మార్పించడం మేలు. ఎక్కువ రోజులు నిలిపేటప్పుడు చదును నేల మీద గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేయకుండా చక్రాలకు ముందూ వెనకా ఇటుకలు ఆనించండి. మాస్టారి వేప చెట్టు కింద ఇప్పుడు నాలుగు ఇటుకలున్నాయి.