ఇంట్లో పెద్ద ఫిష్ ట్యాంక్ పెడుతున్నారా? నీళ్లు నింపే ముందు ఈ లెక్క చూసుకోండి!

హాల్లో గోడ పొడవునా పెద్ద అక్వేరియం.. లోపల లైట్లు, ఆ వెలుగులో తిరిగే రంగురంగుల చేపలు. చూడ్డానికి భలే ఉంటుంది. ఖాళీ ట్యాంక్‌ను నలుగురు పట్టుకుని లిఫ్ట్ ఎక్కించేస్తారు కాబట్టి బరువు సంగతి ఎవరికీ గుర్తురాదు. అసలు బరువు కుళాయి తిప్పాకే మొదలవుతుంది. మూడో అంతస్తులోనో, నాలుగో అంతస్తులోనో ఉంటే ఇది ముందే ఆలోచించాలి. మీ ఫ్లోరే కింది ఇంటివాళ్లకు సీలింగ్ మరి!

లెక్క సింపులే. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఒక ఘనపుటడుగులో సుమారు 28 లీటర్లు పడతాయి. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తున్న ట్యాంక్‌లో దాదాపు 340 లీటర్లు.. అంటే నీళ్లే 340 కిలోలు. 12 ఎంఎం గ్లాస్ వాడితే అద్దాలు ఇంకో 75 కిలోల పైనే. అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్లు, కింద స్టాండ్.. అన్నీ కలిపితే అర టన్ను! అదే 6 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ట్యాంక్ అయితే టన్నుకు దగ్గరగా వెళ్తుంది.

మరి స్లాబ్ ఎంత మోస్తుంది? మన దేశంలో ఇళ్ల గదులకు ఐఎస్ 875 కోడ్ ప్రకారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లైవ్ లోడ్ లెక్కేసి డిజైన్ చేస్తారు. చదరపు అడుగుకు 18, 19 కిలోలన్నమాట. పైన చెప్పిన 4 అడుగుల ట్యాంక్ తన కింద పెట్టే బరువు చదరపు అడుగుకు 80 కిలోల పైమాటే. అంతమాత్రాన స్లాబ్ కూలిపోతుందని కంగారు పడక్కర్లేదు. కోడ్‌లోని అంకె గది మొత్తానికి పరిచి వేసినది. 10 బై 12 గదికి అది 2 టన్నులు దాటుతుంది. పైగా స్లాబ్ బరువును చుట్టుపక్కలకు పంచుకుంటుంది.

‘పండక్కి పదిమంది చుట్టాలొస్తే 700 కిలోలు కాదా?’ అని కొందరు అడుగుతారు. నిజమే. కానీ చుట్టాలు గదంతా తిరుగుతారు, సాయంత్రానికి వెళ్లిపోతారు. ట్యాంక్ ఏళ్ల తరబడి ఒక్కచోటే కూర్చుంటుంది. కదలని బరువు కింద కాంక్రీట్ మెల్లమెల్లగా వంగుతుంది. ఇంజనీర్లు దీన్నే క్రీప్ అంటారు. టైల్స్ చిట్లడం, కింది ఇంటి సీలింగ్‌లో పగుళ్లు రావడం, ట్యాంక్ లెవెల్ తప్పి సిలికాన్ అతుకుల మీద ఒత్తిడి పడటం.. ఇలా మొదలవుతుంది.

అందుకే ఎంత బరువు అన్నదానికంటే ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. కింద బీమ్ ఉన్న గోడ పక్కన, వీలైతే పిల్లర్‌కు దగ్గరగా పెట్టాలి. బీమ్ ఎక్కడుందో తెలియాలంటే తల పైకెత్తి చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో అన్ని అంతస్తులకూ ఒకటే ప్లాన్ కాబట్టి మీ సీలింగ్‌లో బీమ్ కనిపించిన చోటే మీ ఫ్లోర్ కిందా ఉంటుంది. ఫస్ట్ ఫ్లోర్ వాళ్లయితే పార్కింగ్‌లోకి దిగి చూసుకోవచ్చు. ఫాల్స్ సీలింగ్ ఉంటే బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగ్ అడగాలి. గోడ ఉంది కదా అని నమ్మొద్దు, సన్నటి పార్టిషన్ గోడ కింద బీమ్ ఉండకపోవచ్చు. ఇప్పుడు ఫ్యాషన్ అయిన హాల్‌కీ డైనింగ్‌కీ మధ్య అడ్డుగా పెట్టే ట్యాంక్ చాలాసార్లు స్లాబ్ మధ్యలోకే వస్తుంది. అన్నిటికంటే చెడ్డ చోటు అదే.

బాల్కనీలో అసలు వద్దు. కోడ్‌లో బాల్కనీకి గది కంటే ఎక్కువ లోడే రాసి ఉంటుంది కానీ, బయటికి పొడుచుకొచ్చిన స్లాబ్‌కు పట్టు ఒకవైపే. పైభాగంలో ఉండాల్సిన చువ్వలు కాంక్రీట్ పోసేటప్పుడు తొక్కుడుకు కిందికి దిగిపోయి ఉంటే ఆ సంగతి బయటికి తెలియదు. చెమ్మ దిగిన, చువ్వలు తుప్పుపట్టి పెచ్చులూడుతున్న పాత స్లాబ్ మీద కూడా పెద్ద ట్యాంక్ మాట మర్చిపోండి. 4 అడుగులు దాటిన ట్యాంక్‌కు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ను పిలిపించాల్సిందే. ‘ఏం కాదు సార్, అందరూ పెట్టుకుంటున్నారు’ అనే షాపువాళ్ల మాట సరిపోదు. అద్దె ఇల్లయితే ఓనర్‌కు కూడా చెప్పాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. అక్కడ చాలా ఇళ్లలో ఫ్లోర్ కింద చెక్క దూలాలే, మామూలుగా 16 అంగుళాలకొకటి. ట్యాంక్‌ను వాటికి అడ్డంగా పెడితే బరువు మూడు నాలుగు దూలాల మీద పడుతుంది. వాటి వెంబడి పెడితే ఒకటి రెండింటి మీదే. నేల మీదే కాంక్రీట్ పోసిన బేస్‌మెంట్ ఉంటే అదే మేలు.

ఇక స్టాండ్. నాలుగు సన్నటి కాళ్లుంటే ఒక్కో కాలి కింద 125 కిలోలు. టైల్‌ను వేలితో కొట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే అక్కడ పగలడం ఖాయం. కాళ్ల కింద మందపాటి ప్లైవుడ్ పలక వేయాలి, లేదంటే చుట్టూ ఫ్రేమ్ నేలకు ఆనే స్టాండ్ తీసుకోవాలి. నింపేటప్పుడు ఒక్కసారిగా కాకుండా పావు వంతు పోసి, రసమట్టంతో రెండు వైపులా చూసుకోండి. సగం నిండాక మళ్లీ చూడండి. ఒక పక్కకు వాలితే నీళ్లు తీసేశాకే స్టాండ్ సరిచేయాలి. నిండు ట్యాంక్‌ను ఎత్తి కింద చెక్కముక్కలు దూర్చే ప్రయత్నం మాత్రం చేయొద్దు.