పైథాన్‌లో టపుల్: లిస్ట్ ఉండగా ఇది ఎందుకు?

పైథాన్ నేర్చుకునే వాళ్లకు లిస్ట్ తొందరగానే అర్థమవుతుంది. దాని వెంటే వచ్చే టపుల్ దగ్గర చాలామంది ఆగిపోతారు. రెండూ విలువలను వరుసగా దాచుకునేవే కదా, ఒకటి చాలదా అన్నది వాళ్ల ప్రశ్న. జవాబు మన జిల్లాల వివరాలతోనే చూద్దాం.

మారేది, మారనిది

2016 అక్టోబర్ 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా జిల్లా అయింది. అంటే జిల్లాల పట్టిక పెరిగింది. ఇలా పెరిగే, తగ్గే వాటికి లిస్ట్ సరిపోతుంది. దాన్ని చదరపు బ్రాకెట్లలో రాస్తారు.

గద్వాల పట్టణం మ్యాప్‌లో ఎక్కడుందో చెప్పాలంటే రెండు అంకెలు కావాలి: అక్షాంశం, రేఖాంశం. జిల్లాలు ఎన్ని మారినా ఊరు కదలదు. ఇలాంటి వాటికే టపుల్. దీన్ని మామూలు గుండ్రటి బ్రాకెట్లలో రాస్తారు:

గద్వాల = (16.23, 77.80)
వనపర్తి = (16.36, 78.06)

పేర్లు ఇలా తెలుగులో రాసినా పైథాన్ 3 ఒప్పుకుంటుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి గద్వాల[0] అంటే 16.23 వస్తుంది. కానీ గద్వాల[0] = 17 అని రాస్తే మాత్రం టైప్‌ఎర్రర్ చూపించి ప్రోగ్రామ్ ఆగిపోతుంది. మార్చాల్సి వస్తే కొత్త టపుల్ రాసి అదే పేరు పెట్టుకోవాలి. కామర్స్ విద్యార్థులకు ఇది కొత్తేం కాదు. ఖాతా పుస్తకంలో తప్పు పడితే పాత ఎంట్రీని చెరపరు, సరిదిద్దే ఇంకో ఎంట్రీ వేస్తారు.

వరుస తప్పితే

టపుల్‌లో ఏ చోట ఏముందన్నదే అర్థం. గూగుల్ మ్యాప్స్‌లో అక్షాంశం ముందు రాస్తాం. మ్యాప్ సమాచారానికి వాడే జియోజేసన్ పద్ధతిలో రేఖాంశం ముందు వస్తుంది. ఇది చూసుకోకుండా రెండు అంకెలూ తారుమారు చేస్తే గద్వాల వెళ్లి ఉత్తర ధ్రువం దగ్గర, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది! అంబులెన్స్‌కో, డెలివరీకో లొకేషన్ పంపే యాప్‌లో ఇలా జరిగితే నష్టం చిన్నది కాదు. టపుల్ విలువలను మారకుండా కాపాడుతుంది గానీ తప్పు వరుసను పట్టుకోదు. అందుకే విలువలు తీసేటప్పుడు పేర్లు పెట్టుకోవడం మంచిది:

అక్షాంశం, రేఖాంశం = గద్వాల

ఒక్క లైన్‌లో రెండు విలువలూ రెండు పేర్లలోకి వచ్చేస్తాయి. దీన్నే అన్‌ప్యాకింగ్ అంటారు.

డిక్షనరీకి కీ

కొత్తపల్లి అనే ఊరు ఒక్క మండలంలోనే ఉండదు. ఊరి పేరు ఒక్కటే కీగా పెడితే ఒక ఊరి వివరాల మీద ఇంకో ఊరివి వచ్చి పడతాయి. ఊరు, మండలం, జిల్లా కలిపి టపుల్‌గా చేస్తే ఆ గొడవ తప్పుతుంది. లిస్ట్‌ను ఇలా కీగా వాడటం కుదరదు. కీ మధ్యలో మారిపోతే డిక్షనరీ దాన్ని మళ్లీ వెతికి పట్టుకోలేదు మరి.

రెండు జాగ్రత్తలు

ఒక్క విలువతో టపుల్ కావాలంటే చివర కామా తప్పనిసరి. (5) అంటే ఉత్త అంకె, (5,) అంటే టపుల్. ఇక టపుల్ లోపల లిస్ట్ పెడితే ఆ లిస్ట్‌లోని విలువలు మారుతూనే ఉంటాయి. బయటి పెట్టెకు తాళం ఉన్నంత మాత్రాన లోపలి సంచికి ఉన్నట్టు కాదు.

ఈ మాట పైథాన్‌తో పుట్టింది కాదు. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ డేటాబేస్‌ల గురించి రాసిన పత్రంలోనూ టపుల్ ఉంది. పట్టికలో ఒక్కో వరుసను ఆ లెక్కలో టపుల్ అంటారు. బ్యాంకు ఖాతాలైనా, హాల్‌టికెట్ల వివరాలైనా ఇప్పటికీ ఎక్కువగా అలాంటి పట్టికల్లోనే ఉంటున్నాయి. అయితే డేటాబేస్ వరుసను మార్చుకోవచ్చు, పైథాన్ టపుల్‌ను మార్చలేం. ఇంటర్వ్యూలో అడిగితే ఈ తేడా చెప్పగలగాలి.

కోడ్ రాసేముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ విలువలు తర్వాత పెరుగుతాయా, మారుతాయా? అవునంటే లిస్ట్. కాదు, ఇవన్నీ కలిసి ఒకే సంగతి చెబుతాయి, అలాగే ఉండాలి అంటే టపుల్.