బరువు తగ్గాక బిళ్లలు మానేశారా?

"ఆపరేషనై ఆరేళ్లయింది. ఒళ్లు తగ్గింది, ఓపికగానే ఉన్నా. ఇంకా ఈ బిళ్లలెందుకు?" బరువు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇలా అనిపించడం సహజమే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

బైపాస్‌లో జీర్ణకోశాన్ని చిన్న సంచిలా చేసి, చిన్నపేగు మొదటి భాగాన్ని తప్పిస్తారు. ఇనుము, కాల్షియం బాగా ఒంటపట్టేది ఆ భాగంలోనే. ఆ మార్పు శాశ్వతం. అందుకే బిళ్లలూ జీవితాంతం వాడాల్సిందే. స్లీవ్ చేయించుకున్నవారికీ మినహాయింపు లేదు.

బి12 సంగతి మరీ మోసం. కొన్నేళ్లకు సరిపడా కాలేయంలో నిల్వ ఉంటుంది. అది తరిగాకే అరికాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు, నడకలో తూలు మొదలవుతాయి. వయసు మీదపడిందని సరిపెట్టుకుంటే, దెబ్బతిన్న నరాలు ఒక్కోసారి మళ్లీ కోలుకోవు.

కర్నూలు పక్కనే ఉన్న కల్లూరులో అయితే, "రోజూ రాగిసంగటి తింటున్నాం కదా" అంటారేమో! రాగుల్లో కాల్షియం దండిగా ఉన్నమాట నిజమే. కానీ ఆ చిన్న సంచిలో పట్టేది ఎంత ముద్దని? పైగా రాగుల్లోగానీ ఆకుకూరల్లోగానీ బి12 ఉండదు.

ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మింగి ఊరుకోవడమూ ప్రమాదమే. (భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది దీన్నే.) బి12 లోటుంటే, దీనివల్ల రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి.

ఇనుము, కాల్షియం బిళ్లల మధ్య రెండు గంటలైనా తేడా ఉండాలి. ఇనుము బిళ్లను కాఫీ, టీలతో వేసుకోవద్దు. ఏటా రక్తపరీక్ష చేయించుకోండి. గర్భం దాల్చాలనుకుంటే పాత ఆపరేషన్ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి.