కోటలో విడిది

ఈ వారం ఢిల్లీ లేఖను ఢిల్లీకి బహుదూరం నుంచి వ్రాస్తున్నాను. పార్లమెంటులో బస్తర్ పేరు వినిపించినప్పుడల్లా ముందు తుపాకుల లెక్క వస్తుంది, మనుషుల లెక్క ఆ తరువాత వస్తుంది. ఆ సీమను కళ్ళారా చూడాలని బయలుదేరి, రాయపూర్‌కు దక్షిణాన సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాంకేర్ పట్టణంలో మొదటి మజిలీ చేశాను. అక్కడి పూర్వపు సంస్థానాధీశుల భవనంలో కొన్ని గదులను యాత్రికులకు అద్దెకు ఇస్తారు. ఎత్తైన కప్పు, వెడల్పైన వరండా, గోడలపై పాత ఛాయాచిత్రాలు, బయట చెట్ల నీడ. ఆదరణకు ఏ లోటూ లేదు.

ఢిల్లీలో విలేకరి వృత్తి చేసేవాడికి పెద్ద హోటళ్ళు కొత్తవి కావు. విందులకూ విలేకరుల సమావేశాలకూ వాటి మెట్లు ఎక్కి దిగడంలోనే సగం ఆయుష్షు గడిచిపోతుంది. 1936లో తెరచిన ఇంపీరియల్ హోటల్‌లోనే 1947 జూన్ 9న ముస్లింలీగ్ కౌన్సిల్ సమావేశమై దేశవిభజన పథకానికి అంగీకారం తెలిపింది. నేడు అక్కడ కాఫీ త్రాగేవారిలో ఎందరికి ఆ సంగతి గుర్తుంటుంది? హోటలు గదికి అద్దె ఉంటుంది గాని జ్ఞాపకం ఉండదు.

రాజప్రాసాదాలు హోటళ్ళు కావడం కూడా కొత్త కాదు. జైపూర్‌లోని రామ్‌బాగ్ 1957లోనే ఆ దారి పట్టింది. 1971లో రాజ్యాంగపు 26వ సవరణ రాజభరణాలను రద్దుచేసిన పిమ్మట, కోట బరువు మోయలేని రాజవంశాలు ఒక్కొక్కటే అదే దారిలో నడిచాయి. మన హైదరాబాదులో వికారుల్ ఉమ్రా కట్టించి, ఆరవ నిజాం చేతికి వచ్చిన ఫలక్‌నుమా 2010 నుంచి తాజ్ హోటలు. నూట ఒక్కమంది ఒకేసారి కూర్చొని భుజించగల ఆ బల్ల ఇప్పుడు డబ్బు చెల్లించగలవారిది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. పాడుబడిన కోటకన్న దీపం వెలిగే హోటలు మేలే.

అయితే కాంకేర్‌లో ఆ రాత్రి భోజనం వడ్డించిన యువకుడు నా ఆలోచనను మరోవైపు మళ్ళించాడు. అతడు కొండగాం ప్రాంతపు గోండు. మరునాడు జగదల్‌పూర్ కోట చూడబోతున్నానని చెప్పాను.

“మా తాత దసరాకు వెళ్ళినప్పుడు ఆ కోటలోనే దిగేవాడు సాబ్. అక్కడ పడుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదని చెప్పేవాడు,” అన్నాడు.

“మరి మీ నాన్న?”

“మా నాన్న బస్‌స్టాండులో పడుకొనేవాడు.”

మరునాడు కేశ్‌కాల్ కనుమ మలుపులు ఎక్కుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో మెదిలింది. తాతకూ తండ్రికీ మధ్య జరిగినదేమిటి?

జగదల్‌పూర్ కోట తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన తరువాత ప్రతాపరుద్రుని తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతీ తీరానికి వచ్చి రాజ్యం స్థాపించాడని బస్తర్ రాజవంశం చెప్పుకొంటుంది. ఆ వంశీయుడు కమల్‌చంద్ర భంజ్‌దేవ్‌ను 2022 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాకతీయ వైభవ సప్తాహానికి ఆహ్వానించి వరంగల్లులో సత్కరించింది. పూలదండలు, డప్పులు, ఉపన్యాసాలు అన్నీ జరిగాయి. ఆ ఉత్సాహంలో 1966 మార్చి 25ను తలచుకొన్నవారు మాత్రం అరుదు.

ఆనాడు ఈ కోట ఆవరణలో విల్లంబులు చేబూనిన ఆదివాసులు గుమిగూడి ఉన్నారు. అవి ఆహారపు కొరతతో, ధాన్యపు లెవీ భారంతో పల్లెలు కుమిలిపోతున్న రోజులు. అప్పటి మధ్యప్రదేశ్ పోలీసులు కోటను చుట్టుముట్టి కాల్పులు జరిపారు. 36 ఏళ్ళ మాజీ రాజు ప్రవీర్‌చంద్ర భంజ్‌దేవ్ తన ఇంటిలోనే నేలకూలాడు. అధికార లెక్క ప్రకారం ఆయనతో కలిపి మృతులు 12 మంది. పల్లెలలో చెప్పుకొనే సంఖ్య దీనికి ఎన్నో రెట్లు. న్యాయవిచారణ జరిగింది, నివేదిక వచ్చింది. పల్లెల లెక్కా సర్కారు లెక్కా మాత్రం ఈనాటికీ కలియలేదు.

ప్రవీర్‌చంద్రను మనం దేవుణ్ణి చేయనక్కరలేదు. రాచరికం రాచరికమే. 1953లో ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ క్రిందికి తెచ్చిన ప్రభుత్వం, 1961లో ఆయన గుర్తింపును తొలగించి తమ్మునికి కట్టబెట్టింది. దానికి నిరసనగా లోహండీగూడలో చేరిన ఆదివాసులపై ఆ ఏడాది మార్చి 31న తుపాకులు పేలాయి. వారు కోరినది సింహాసనం కాదు. తమ మాట వినే ఒక గడప కోరారు. పట్నంలో వారికి తలదాచుకొనే చోటు అదొక్కటే, మొర చెప్పుకొనే చోటూ అదొక్కటే. కచేరీలో బల్లకు అవతలనే నిలువవలసినవాడు కోటలో చుట్టరికంతో చాప పరచుకొనేవాడు.

లోహండీగూడ కథ అంతటితో ముగియలేదు. 2005లో టాటా ఉక్కు కర్మాగారానికి ఒప్పందం కుదిరి, పది గ్రామాల భూమిని సేకరించారు. కర్మాగారం రాలేదు. రైతులు మాత్రం ఏళ్ళ తరబడి ఆ భూములకోసం పోరాడారు. 2018 డిసెంబరులో ప్రభుత్వం మారిన పిమ్మట వాటిని తిరిగి ఇవ్వాలని నిర్ణయించి, 2019లో పత్రాలు పంచారు. తీసుకొన్న భూమిని ప్రభుత్వం తిరిగి ఇవ్వడం ఈ దేశంలో అపురూపం కనుక, ఆ మేరకు మెచ్చుకోవలసినదే.

నేడు అదే లోహండీగూడ ప్రాంతంలోని చిత్రకోట జలపాతానికి పర్యాటకుల కార్లు బారులు తీరుతున్నాయి. తుపాకుల మోత తగ్గితే హోటళ్ళు వస్తాయని, హోటళ్ళు వస్తే ఉద్యోగాలు వస్తాయని ఢిల్లీలో అధికారులు చెబుతారు. రావచ్చు. కాని ఆ హోటళ్ళలో ఆదివాసి స్థానం ఎక్కడ? గుమ్మం దగ్గర డోలు వాయించే చోటా, వంటింటిలో గిన్నెలు కడిగే చోటా, లేక లెక్కలపుస్తకం ముందా?

జవాబు అసాధ్యమైనదేమీ కాదు. కాంగేర్ లోయలో ధుడ్‌మారస్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడ ధుర్వా ఆదివాసులు తమ ఇళ్ళలోనే యాత్రికులకు బస ఇస్తారు. యువకులు వెదురు తెప్పలపై ఏటిలో త్రిప్పుతారు. 2024లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ తన ఉత్తమ పర్యాటక గ్రామాల ఉన్నతీకరణ కార్యక్రమానికి ఎంపికచేసిన ఇరవై పల్లెలలో ఇదొకటి. అక్కడ గృహస్థు ఆదివాసి, అతిథులం మనం.

జగదల్‌పూర్ కోటలో దర్బారు హాలు చూచి బయటికి వస్తుంటే సింహద్వారం ప్రక్కన దంతేశ్వరి గుడి గంట వినిపించింది. గుడి అరుగుపై దూరపు పల్లెనుంచి వచ్చిన ఒక కుటుంబం అన్నం మూట విప్పుకొంటున్నది. నాకు గది తాళంచెవి ఇచ్చిన రాజప్రాసాదాన్ని తలచుకొన్నాను. నా పేరు పుస్తకంలో వ్రాసుకొని, రుసుము తీసుకొని తలుపు తెరిచారు. ఆ యువకుని తాతకు ఇవేవీ అవసరం కాలేదు. బస్తర్‌కు ఎన్ని నక్షత్రాల హోటళ్ళు వచ్చాయని రేపు లెక్క చెప్పే మంత్రులు, ఆ తాత మనుమనికి సొంత గడ్డపై పడుకోవడానికి ఎవరి అనుమతి కావాలో కూడా చెబితే బాగుంటుంది.